సాక్షి లేని వేళ

మనుష్యుడు తప్పు చేయుటకు వెనుదీయునది ధర్మమునకు వెరచియా, చూచువారికి వెరచియా? ఇది పురాతనమైన ప్రశ్న. నన్నయభారతమున శకుంతల, పంచభూతములును, సూర్యచంద్రులును, అంతరాత్మయు మానవుని నడతకు సాక్షులని దుష్యంతునకు చెప్పెను. నేడు ఆ సాక్షుల వరుసలో కృత్రిమోపగ్రహము కూడ చేరినది.

ఉపగ్రహములు అడవిచిచ్చుల పొగను, ఎడారుల ధూళిని వెంబడించి చూపుచున్నవి. 2020 జూన్ నెలలో సహారా ఎడారినుండి లేచిన ధూళి అట్లాంటికు మహాసముద్రమును దాటి కరీబియను దీవులను క్రమ్ముట వీని చిత్రములలో స్పష్టముగ కనబడెను. 2023 జూన్ నెలలో కెనడా అడవుల పొగ న్యూయార్కు ఆకాశమును నారింజవన్నెకు మార్చినప్పుడును, ఆ పొగ నడచిన త్రోవను ఇవియే చూపినవి. రాష్ట్రముల ఎల్లలు గీచిన నాడు గీతకు ఈవల మిగిలిపోయిన మన కుటుంబములకు ఎల్లల బలమెంతయో తెలియును. పొగకు మాత్రమవి తెలియవు.

అయితే ఈ కన్నునకును ఒక లోపము కలదు. మంటలను లెక్కించుటకు వాడబడుచు వచ్చిన సువోమి ఎన్‌పీపీ వంటి ఉపగ్రహములు ధ్రువములమీదుగ తిరుగుచు, పగటివేళ ఒక ప్రదేశముమీదికి మధ్యాహ్నము సుమారు ఒకటిన్నర గంట ప్రాంతమున వచ్చి, కొద్ది నిమిషములలో దాటిపోవును. పంజాబు, హర్యానాలలో వరికోతల పిదప కొయ్యకాళ్లను కాల్చుట వాడుక. 2024లో ఈ మంటల లెక్క మిక్కిలి తగ్గినట్లు కనబడెను. పొగ మాత్రము ఆ మేరకు తగ్గలేదు. దక్షిణకొరియావారి జియో-కాంప్‌శాట్ 2ఏ అను ఉపగ్రహము ఒక్కచోటనే నిలిచినట్లుండి పది నిమిషముల కొకసారి చిత్రము తీయును. ఆ చిత్రములను పరిశీలింపగా, మొదటి ఉపగ్రహము దాటిపోయిన పిదప, అపరాహ్ణమున పొగ దట్టముగ లేచుచున్నట్లు తెలిసినది.

ఇది చదివినప్పుడు మాకు మొదట నవ్వు వచ్చినది. పిదప సిగ్గు కలిగినది. మేము ముప్పది యేండ్లు ఒక కార్యాలయమున గుమాస్తాగ నుంటిమి. సూపరింటెండెంటుగారు ఉదయము పదునొకండు గంటలకు బల్లలవెంట ఒకసారి నడచెడివారు. ఆ వేళకు మా కలము కాగితముమీద నుండెడిది. వారు తలుపు దాటగానే కలము క్రిందబెట్టి కబుర్లలో పడెడివారము. ఒక వితంతువు పింఛను కాగితములు మా బల్లమీద మూడు నెలలు నిలిచినవి. ఆమె పలుమారులు వచ్చి, వరండాలో కూర్చుండి, పోయినది. హాజరుపట్టీలో మాత్రము మేము ఒక్క దినమైనను లోపము లేనివారము.

రైతులు బుద్ధిపూర్వకముగనే వేళ మార్చిరా యనునది చిత్రము చెప్పజాలదు. అది పొగను చూపునుగాని మనస్సును చూపదు. వారి ఇబ్బందియు చిన్నది కాదు. భూగర్భజలమును కాపాడుటకై పంజాబులో 2009లో చేసిన శాసనము వరినాట్లను జూన్ నెలకు జరిపినది. దానితో కోతయు వెనుకబడినది. గోధుమ విత్తుటకు మిగులు వ్యవధి రెండు మూడు వారములే. కొయ్యకాళ్లను తొలగించుటకు యంత్రము కావలెను, కూలి కావలెను. కాల్చుటకు అగ్గిపుల్ల చాలును. మాకట్టి నిర్బంధమేమియు లేకుండెను. మాకు ఋతువు దాటిపోదు, నెలజీతము ఆగదు. కావున రెంటిలో మా తప్పే పెద్దదని మా నమ్మకము.

ఉపగ్రహములు వ్యర్థమని మేము చెప్పుటలేదు. పొగ వచ్చు త్రోవను అవి ముందుగ చూపినచో పసివారిని, వృద్ధులను, ఉబ్బసరోగులను కాపాడుకొనవచ్చును. కాని పది నిమిషముల కొకసారి చూచు కన్నునకును మబ్బు అడ్డము వచ్చును. శకుంతల చెప్పిన సాక్షులలో ఏ వేళను తొలగిపోనిది అంతరాత్మ యొక్కటియే.

ఆ వితంతువు పింఛను తుదకు మంజూరైనది. ఆ మూడు నెలలు ఆమె యేమి తిని బ్రదికెనో మేము నాడు అడుగలేదు. ఉద్యోగములలో నున్న మన సంఘపు యువకులు, అధికారి వెడలిపోయిన పిదప, తమ బల్లమీది కాగితములను ఒకసారి తిరుగవేసి చూతురుగాక.