పాటకి వయసుందా?

కిందటి నెల ఒక సాయంత్రం పంజాగుట్టలో పని చూసుకుని అమీర్‌పేటలోని మా ఫ్లాటుకి వచ్చేసరికి, అత్తయ్య సెల్‌ఫోన్లో పాట వింటున్నారు. 1940లనాటి గ్రామఫోను పాట. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన రాధాకృష్ణుల ప్రణయకలహం.

"ఈ వయసులో ప్రేమపాటలేమిటి అత్తయ్యా?" అని నవ్వాను. ఆవిడా నవ్వి, పాట ఆపేశారు. వారం రోజులు మళ్లీ పెట్టలేదు.

నేనన్నది హాస్యానికే. కానీ ఆ హాస్యం ఎంత పని చేసిందో చూడండి! నవలల్లో నాయికలకి పేజీలకొద్దీ ప్రేమ రాసిచ్చే నేను, ఇంట్లో మనిషికి మూడు నిమిషాల పాట మిగల్చలేకపోయాను.

ఆ వారంలోనే మా అమ్మాయి అమెరికా గాయని బిల్లీ హాలిడే 1958 నాటి ఆల్బమ్ 'లేడీ ఇన్ సాటిన్' వినిపించింది. వెనక మెత్తమెత్తగా వయొలిన్లు. ముందు అలసి, బొంగురుపోయిన గొంతు. పాడినవన్నీ ప్రేమగీతాలే. అప్పటికావిడకి నలభై దాటాయి. మరుసటి ఏడే పోయింది. ఆ గొంతులో తీపి తగ్గింది గానీ, మాటలో నిజం తగ్గలేదు. వలపు లేతగొంతుల సొత్తని ఎవరన్నారు?

పెద్దవాళ్లకి మందులూ, పథ్యమూ, భక్తి పుస్తకాలూ వేళకి అందిస్తాం. వాళ్ల తలపులకి కూడా రేషన్ కార్డు రాసే అధికారం మనకెక్కడిది?

నిన్న నేనే అడిగాను, "ఆ పాట పెట్టండి అత్తయ్యా" అని.

"ఈ వయసులో నీకెందుకమ్మాయ్?" అంటూనే ఆవిడ ఫోను చేతిలోకి తీసుకున్నారు.