పక్కింటి బియ్యం ఇంటి గుట్టు కాదు

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని మన పెద్దలు అంటారు. ఇంట్లో జరిగింది బయట చెబితే ఇల్లే కూలిపోతుందని దాని అర్థం. ఈ సామెత వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఉండరేమో. మరి పేదల కోసం ఎవరో ఇచ్చిన సాయాన్ని అమ్మో నాన్నో సొంతానికి వాడుకుంటే, ఆ సంగతి తెలిసిన బిడ్డ ఏం చేయాలి? నోరు మూసుకోవాలా, ఇచ్చినవాళ్ళకు చెప్పాలా?

ఈ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. ఈ వ్యాసం పత్రికకు ఇచ్చే ముందు మా నాయనకు చదివి వినిపించాను. “ఉన్నది ఉన్నట్టు రాయి పాపా” అన్నాడు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ సామెత సంగతి చూద్దాం. అది విభీషణుణ్ణి తలచుకుని పుట్టిన మాట అంటారు. కానీ రామాయణంలో విభీషణుడు మొదటే రాముడి దగ్గరికి పోలేదు. అన్న ఎదుటే నిలబడి, సీతమ్మను తిరిగి అప్పగించమని చెప్పాడు. రావణుడు వినలేదు, పైగా అవమానించాడు. ఆ తర్వాతే విభీషణుడు సముద్రం దాటాడు. లంకకు చేటు తెచ్చింది గుట్టు బయటపడటమా, పరాయి ఇంటి ఆడపడుచును ఎత్తుకొచ్చి బంధించడమా? నాకైతే రెండోదే అనిపిస్తుంది.

ఇప్పుడు మా సంగతి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు ఉత్తర చెన్నైలో మా వీధి నీళ్ళలో మునిగింది. తర్వాత తమిళనాడు ప్రభుత్వం రేషన్ కార్డుల మీద 6,000 రూపాయల చొప్పున ఇచ్చింది. అది వచ్చేలోపల మమ్మల్ని ఆదుకున్నది సాయం చేసే సంస్థలే. ఒక సంస్థవాళ్ళు మా వీధికి 40 సంచులు పంపారు. ఒక్కో దాంట్లో బియ్యం, కందిపప్పు, నూనె, ఒక దుప్పటి. పంచే పని, లిస్టులో టిక్కు పెట్టే పని మా నాయనకు అప్పగించారు. మా ఇంటి సంచి మాకు వచ్చింది. అది కాక ఇంకో మూడు సంచులు మంచం కింద కనిపించాయి. లిస్టు చూస్తే 40 పేర్లకూ టిక్కు ఉంది. అందని ఆ మూడు పేర్లలో ఒకటి వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వది. ఆమెకు ‘సంచులు అయిపోయినాయి’ అని చెప్పారట.

అమ్మా నేనూ కలిసి అడిగితే నాయనకు కోపం వచ్చింది. “మూడు రోజులు నడుం లోతు నీళ్ళలో మూటలు మోసినాను. ఒక్క రోజు కూలి లేదు. నాకెవరు ఇచ్చినారు?” అన్నాడు.

ఆ మాటలో న్యాయం లేదని నేను అనలేను. అంత కష్టం చేసినవాడికి ఎవరూ టీ ఖర్చు కూడా ఇవ్వలేదు. అయితే అడిగి తీసుకుంటే అది కూలి. అడగకుండా టిక్కు పెట్టి తీసుకుంటే దానికి వేరే పేరు ఉంది. పైగా ఆ కూలి చివరికి ఎవరిచ్చినట్టు? సంస్థ ఇచ్చినట్టు కాదు. పొయ్యి వెలగని ఆ అవ్వ ఇచ్చినట్టు.

మా సోషల్ సారు చెప్పిన ఒక విషయం అప్పుడు గుర్తొచ్చింది. 1929లో గాంధీగారు తన నవజీవన్ పత్రికలో, ఎవరో ఇచ్చిన 4 రూపాయలను కస్తూర్బాగారు ఆశ్రమం ఆఫీసుకు ఇవ్వకుండా తన దగ్గర ఉంచుకున్నారని దాచకుండా రాశారు. నాలుగే రూపాయలైనా జనం సొమ్ము జనం సొమ్మే అన్న లెక్క నాకు నచ్చింది. కానీ ఒక సందేహం కూడా వచ్చింది. గాంధీగారు ఆ ఇంటికి పెద్ద. రాసినందుకు ఆయనకు అన్నం పెట్టేవాళ్ళు లేకుండా పోరు. కస్తూర్బాగారికేమో తన మాట చెప్పుకోవడానికి ఒక పత్రిక లేదు. బిడ్డ పరిస్థితి వేరు. ఆ తండ్రి కూలితోనే బిడ్డ తింటుంది, చదువుకుంటుంది. అందుకే ఆ లెక్క గాంధీగారి దగ్గర నేర్చుకుని, పద్ధతి మాత్రం విభీషణుడి దగ్గర నేర్చుకోవాలని అనుకున్నాను. ముందు ఎదురుగా చెప్పాలి. వినకపోతేనే బయట చెప్పాలి.

“ఆదివారం లోపల సంచులు చేరాల్సినవాళ్ళకు చేరాలి. లేకపోతే సంస్థలో ఆ అక్కకు నేనే ఫోన్ చేస్తాను నాయనా” అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. శనివారం రాత్రి మూడు సంచులూ తనే మోసుకుపోయినాడు. మొదట అవ్వ ఇంటికి. “చేరినాయి కదా, ఇంక ఎవరికీ చెప్పొద్దు” అంది అమ్మ. నాయన మాత్రం మరుసటి రోజు తనే ఫోన్ చేసి చెప్పాడు. మోసేవాళ్ళకు కనీసం మధ్యాహ్నం భోజనమైనా పెట్టమని కూడా అడిగాడు. తర్వాతి ఏడు వానలప్పుడు లిస్టు వేరేవాళ్ళ చేతికి ఇచ్చారు. అది ఆయనకు చిన్న బాధ కాదు. అయినా సంచులు మోయడానికి పోయినాడు.

“ఆయన వినకపోయి ఉంటే నిజంగా ఫోన్ చేసేదానివా?” అని నా స్నేహితురాలు అడిగింది. చేసేదాన్ని. ఏడుస్తూ అయినా చేసేదాన్ని. మా నాయనకు శిక్ష పడాలని కాదు. నేను మొహమాటపడిన ప్రతి రోజూ అక్కడ అవ్వ పస్తుండాలి కదా. నా మొహమాటానికి ఆమె ఎందుకు పస్తుండాలి?

అందరి ఇళ్ళూ ఒకటి కాదని నాకు తెలుసు. అడిగితే దెబ్బలు పడే ఇళ్ళు ఉన్నాయి. అలాంటి ఇంట్లో బిడ్డ ఒంటరిగా అడగకూడదు. నమ్మకమైన టీచరుకో, అత్తకో, అవ్వకో ముందు చెప్పుకోవాలి. ఆ మాట వినే పెద్దవాళ్ళు కూడా “నీకెందుకు, చదువుకో” అని పంపేయకూడదు.

మన ఇంటి కష్టం, మన అప్పు, మన గొడవ, ఇవి ఇంటి గుట్టు. వాటిని తప్పకుండా కాపాడుకుందాం. ఇంకొకరి పేరు రాసి ఉన్న బియ్యం మన మంచం కింద ఉంటే మాత్రం అది వాళ్ళ ఇంటి సంగతి. వాళ్ళకు తెలియాల్సిందే, వాళ్ళకు చేరాల్సిందే.

– 10వ తరగతి విద్యార్థిని