బుద్ధిగా కూర్చుంటే ఎన్ని స్టార్లు?

మా ఆఫీసులో ఏడాదికి ఇన్ని గంటలని వాలంటీర్ పని చెయ్యాలి. చెట్లు నాటే బ్యాచ్‌లో పేరివ్వడం మర్చిపోయి, హైదరాబాద్ చివర ఒక స్పెషల్ స్కూల్‌కి వెళ్ళే బ్యాచ్‌లో పడ్డాను. ఆటిజం ఉన్నవాళ్ళు, మేధో వైకల్యం ఉన్నవాళ్ళు కలిపి నలభై మంది దాకా పిల్లలు. నాకు వచ్చింది కోడ్ రాయడం ఒక్కటే కాబట్టి అక్కడా అదే అప్పజెప్పారు. క్లాసు గోడకున్న చార్టులో పిల్లల పేర్ల ఎదురుగా అంటించే స్టార్లని ట్యాబ్‌లోకి ఎక్కించాలి. కుర్చీలో కూర్చుంటే ఒక స్టార్, చేతులు ఊపకుండా ఉంటే ఒకటి, పేరు పెట్టి పిలిచినప్పుడు తలెత్తి చూస్తే ఒకటి. ఐదు పోగైతే ఐదు నిమిషాలు ఊయల.

రెండు శనివారాల్లో యాప్ అయిపోయింది. స్టార్ పడినప్పుడు టింగుమని మోగేలా కూడా పెట్టాను. స్కూల్ వాళ్ళు సంతోషించారు. మా మేనేజర్ ఆఫీస్ పోర్టల్లో నాకు మెచ్చుకోలు పాయింట్లు వేశాడు. ఇంకొన్ని చేరితే బ్లూటూత్ స్పీకర్ వస్తుంది. (ఆ పేజీని రోజుకోసారి తెరిచి చూసుకుంటున్నానని ఇక్కడ ఒప్పుకోవడం న్యాయం.)

ఈ పద్ధతి గురించి ఎవరికి చెప్పినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఇది లంచం కాదా? మా నాన్నయితే "మంచిగా ఉండటానికి కూడా కూలీ ఇస్తార్రా?" అన్నారు. మాటలో బలం లేకపోలేదు. 1973లో మార్క్ లెపర్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. బొమ్మలు వెయ్యడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, వేస్తే రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని చెప్పారు. కొన్నాళ్ళయ్యాక చూస్తే, ఆ పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే స్కెచ్ పెన్నులు పట్టుకున్నారు. ఇష్టంగా చేసేదానికి వెల కడితే ఇష్టమే తగ్గిపోయిందన్నమాట.

కానీ ఆ ప్రయోగం ఇక్కడికి సగమే సరిపోతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం మీద ఏ పిల్లాడికీ పుట్టుకతో మోజు ఉండదు. నలభైసార్లు వేళ్ళలోంచి జారిపోయిన గుండీని నలభై ఒకటోసారి పట్టుకోవాలంటే కళ్ళ ముందు ఏదో ఒక ఆశ కనిపించాలి. దాన్ని లంచం అనడానికి నాకు మనసొప్పదు. లంచం తీసుకున్నవాడు ఇచ్చినవాడి పని చేసిపెడతాడు. గుండీ పెట్టుకున్న పిల్లాడు తన పని తాను చేసుకుంటున్నాడు. ఈ లెక్కన నా యాప్‌లోని మూడు వరుసల్ని చూసుకున్నప్పుడే తేడా కొట్టింది. కూర్చోవడం, చేతులు ఊపకపోవడం, తలెత్తి చూడటం. ఇవి ఎవరి పనులు?

తిరకాసు మన మాటల్లోనే ఉంది. బుద్ధి అంటే ఆలోచించే శక్తి. "బుద్ధిగా కూర్చో" అంటే మాత్రం ఆలోచనలన్నీ కట్టిపెట్టి కదలకుండా ఉండమని. పిల్లలకి మనమిచ్చే అతి పెద్ద కితాబు "చెప్పిన మాట వింటాడు" అన్నది. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ, వంచడాన్నే పెంపకం అనుకున్నాం. మామూలు పిల్లలు దీన్ని ఎలాగో తట్టుకుంటారు, టీచర్ అటు తిరగ్గానే కాగితం రాకెట్ వదులుతారు. మాటలు రాని పిల్లలకి ఆ వెసులుబాటు లేదు. వాళ్ళని ఏళ్ళ తరబడి, ఒకరి తర్వాత ఒకరు, వంచుతూనే ఉంటారు. పెద్దవాళ్ళు ఏం చెప్తే అది చెయ్యాలని మాత్రమే బాగా నేర్పి బయటికి పంపిన ఆడపిల్లని రేపు లిఫ్టులో ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ఏం చేస్తుంది? ఈ ప్రశ్న నాది కాదు, అక్కడి సీనియర్ మేడమ్‌ది. ఆవిడ అడిగాక చాలాసేపు నాకు ల్యాప్‌టాప్ తెరవబుద్ధి కాలేదు.

చేతుల సంగతికొస్తే, జూలియా బాస్కమ్ అనే ఆటిస్టిక్ రచయిత్రి 2011లో ఈ నియమం మీదే ఒక వ్యాసం రాసింది. మరుసటి ఏడాది ఆవిడ సంపాదకత్వంలో 'లౌడ్ హాండ్స్' అనే సంకలనం కూడా వచ్చింది. ఆటిస్టిక్ మనుషులు తమ గురించి తామే రాసుకున్న పుస్తకం. అలాంటివి చదివాక, ఊగే చేతులు ఊరికే ఊగవని అర్థమవుతుంది. సంతోషమో, కంగారో, చుట్టూ ఉన్న గోలలో ఒంటిని కుదుటపరుచుకునే ప్రయత్నమో అందులో ఉంటుంది. దాన్ని ఆపినందుకు నేను టింగుమని గంట కొట్టించాను.

బెత్తం పోయి స్టార్లు రావడం చిన్న విషయం కాదని తెలుసు. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ మన 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. 1960ల్లో కాలిఫోర్నియాలో ఐవార్ లోవాస్ చికిత్స పేరుతో ఆటిజం ఉన్న పిల్లల మీద చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా వాడాడు. దానితో పోలిస్తే స్టార్ ఎంతో నయం. అయితే స్టార్ వెనకా ఒక చరిత్ర ఉంది. అదే దశాబ్దంలో ఇల్లినాయ్‌లోని ఆనా స్టేట్ హాస్పిటల్ మానసిక రోగుల వార్డులో అయ్యోన్, ఆజ్రిన్ అనే ఇద్దరు టోకెన్ల పద్ధతి పెట్టారు. పని చేస్తే టోకెన్. ఆ టోకెన్లతో కొనుక్కోగలిగిన వాటిలో మంచానికి అడ్డంగా పెట్టుకునే తెర కూడా ఉంది. 1972లో అలబామా ఆసుపత్రుల మీద నడిచిన వయట్ కేసులో ఫెడరల్ జడ్జి రోగులకి తప్పక ఇవ్వాల్సిన వాటి పట్టిక రాస్తూ, అందులో ఆ చాటు తెరని కూడా చేర్చాడు. ఒకచోట బహుమతిగా ఉన్నది ఇంకోచోట హక్కు అయింది. మరి మా ఊయల?

ఎనిమిదేళ్ళ పిల్లాడున్నాడు, చిన్నోడు అనుకుందాం. మాటలు లేవు. ఊయల వాడికి ఆట కాదు, పది నిమిషాలు ఊగితే తప్ప ఒళ్ళు కుదురుకోదు. నేను దానికి ఐదు స్టార్ల రేటు కట్టాను. పూసలు గుచ్చే పీరియడ్‌లో వాడు డబ్బా ఎత్తి కొట్టేవాడు. మేడమ్ రెండు వారాలు నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీసుకుని రాశారు: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది. మూడో గడిలో ప్రతిసారీ ఒకటే మాట. డబ్బా తీసేశాం. అంటే విసిరితే పని ఆగుతుందని వాడికి నేర్పింది మేమే. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ రాసిన పేపర్‌లో ఉన్నదీ ఈ సంగతే. పని కష్టమై అల్లరి చేసే పిల్లలకి సాయం అడగడం నేర్పితే అల్లరి తగ్గింది. మేడమ్ అరచెయ్యంత కార్డు చేశారు. ఆపమన్నట్టు ఎత్తిన చెయ్యి బొమ్మ, కింద "చాలు" అని అక్షరాలు. అది ఇస్తే పని ఆపేస్తారు.

మొదటి రోజు పదిహేడుసార్లు ఇచ్చాడు. పదిహేడుసార్లూ ఆవిడ ఆపారు. పక్క క్లాసు టీచర్‌కి చిర్రెత్తింది. "ఇట్లయితే వాడు పని ఎప్పుడు నేర్చుకుంటడు మేడమ్? రేపు ఎక్కడన్నా పనిలో పెడితే అక్కడ కూడా కార్డు చూపిస్తడా?" తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదిది. మా తర్వాత వీడి గతేంటి అనే భయంతోనే ప్రతి తల్లీ తండ్రీ ఆ గేటు లోపలికి వస్తారు. అన్నింటికీ చాలు అనే పిల్లాడిని లోకం భరించదు. మేడమ్ వాదించలేదు. "ముందు ఆ కార్డుని నమ్మనివ్వండి, తర్వాత ఎక్కువ అడుగుదాం" అన్నారు. నమ్మకం కుదిరాక కార్డు ఇచ్చినప్పుడు "ఇంకొక్క పూస, తర్వాత చాలు" అనడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి వాడు ఆరేడు పూసల దాకా వచ్చాడు. డబ్బా ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎగురుతుంది.

నేను ఉత్సాహంగా యాప్‌లో కొత్త వరుస చేర్చాను: చాలు కార్డు వాడితే ఒక స్టార్. చూసి మేడమ్ తీసేయించారు. "వద్దనడానికి కూడా మన దగ్గర మార్కులు తెచ్చుకోవాలా సార్?" అన్నారు. ఒప్పుకోకపోవడాన్ని కూడా మంచి ప్రవర్తన కింద లెక్కేసి నేనేదో గొప్ప పని చేశాననుకున్నాను. నిజానికి దాన్నీ మా అనుమతి కిందికే తెచ్చాను. ఇప్పుడు కార్డుకి స్టార్ లేదు. ఊయలకి రేటు లేదు. చేతుల వరుస పోయింది, గుండీల వరుస వచ్చింది. తలెత్తి చూడటం మాత్రం అలాగే ఉంది. పిల్లాడు తమ కళ్ళలోకి చూడాలని తల్లిదండ్రులు అడుగుతారు, వాళ్ళకి కాదని చెప్పే ధైర్యం మేడమ్‌కీ లేదు, నాకూ లేదు.

మొన్న గేటు దగ్గర చిన్నోడి వాళ్ళమ్మ కనిపించింది. ఇంటికి కూడా ఒక కార్డు ఇచ్చారు. ఆదివారం తలంటుతుంటే తడి ఒంటితో లేచి వెళ్ళి కార్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడట, తల నిండా షాంపూ నురగతో.

"మరి ఏం చేశారండీ?"

"ఏం చేస్త సార్, ఆపిన. ఇద్దరం బాత్రూమ్ గడప మీద కూసున్నం, వాడి కండ్లల్ల పడకుండ నురుగు తుడుసుకుంట. చానాసేపు కూసున్నం." నవ్వి, పర్సులోంచి ముద్దయిపోయిన అట్టముక్క తీసి చూపించింది. "ఇది తడిసిపోయింది. మేడమ్‌ని అడిగి ఇంకోటి ఇప్పిస్తరా?"