విగ్గు లేని అవ్వ

తెలంగాణ ప్రభుత్వం తన ఉద్యోగుల విరమణ వయసును 2021లో 58 నుంచి 61కి పెంచింది. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళకు, నాట్లకూ కలుపులకూ పోయే కూలీలకు ఆ సంఖ్యతో సంబంధం లేదు. చేతులాడినన్నాళ్ళు పని చేస్తారు. 2019 నుంచి ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు వస్తున్నా ఇల్లు గడవడానికి అది చాలదు. అందుకే మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వను చూసి ‘ఈ వయసులో ఈమెకు నటన ఎందుకు’ అనేవాళ్ళు అసలు సంగతి మరిచిపోతున్నారు. కూలినాలి చేసి పిల్లల్ని సాకిన ఆ మనిషి యాభై దాటాకే ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానెల్లో కనిపించింది. కెమెరా రాకపోతే ఆమె అరుగు మీద కూర్చుని విశ్రాంతి తీసుకునేది కాదు, ఏదో ఒక చేనులో నడుము వంచేది. ఆమె విషయంలో మనం ఆలోచించాల్సింది పని మానాలా వద్దా అని కాదు. ఏ పని, ఎవరి పద్ధతిలో అని.

మన టీవీ హాస్యానికి ముసలమ్మ ఎప్పుడూ కావాలి, కానీ వేషంగానే కావాలి. 2013లో మొదలైన ‘జబర్దస్త్’ వంటి కార్యక్రమాల్లో పాతికేళ్ళ కుర్రాడు చీర కట్టి, తెల్ల విగ్గు పెట్టి, కర్ర పట్టుకుని వణికితే జనం నవ్వారు. ఆ నవ్వు ఎవరి మీద? వంగిన నడుము మీద, బోసినోటి మీద. మా తెలంగాణ యాసకూ చాలాకాలం ఇదే గతి పట్టింది. సినిమాలో ఆ మాట పలికితే రౌడీయో, పనివాడో అయి ఉండాలి. గంగవ్వ వచ్చాక ఈ రెండూ ఒక్కసారే తిరగబడ్డాయి. ఆమె యాసను అనుకరించదు, వయసును నటించదు. పెద్దగా బడి చదువు లేని ఆమెకు రాసిన డైలాగు బట్టీ పట్టాల్సిన పనిలేదు. సందర్భం చెబితే చాలు, మాట తనదే వస్తుంది. అల్లుణ్ణో మనవణ్ణో ఆమె తిడితే మనం నవ్వేది తిట్టు తినేవాణ్ణి చూసి. హాస్యంలో పెత్తనం ముసలామె చేతికి రావడమంటే ఇదే. దీన్ని నేను చిన్న మార్పుగా అనుకోను.

ఆరోగ్యం సంగతేమిటన్న అభ్యంతరం గట్టిది. 2020లో టీవీ రియాలిటీ షో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు వెళ్ళిన గంగవ్వ ఆ ఇంట్లో ఇమడలేక, ఒంట్లో బాగాలేక మధ్యలోనే బయటికి వచ్చింది. దీన్ని చూపించి ‘వయసైపోయింది కదా’ అన్నవాళ్ళున్నారు. అయితే అదే మనిషి, అదే వయసులో, లంబాడిపల్లిలో నటించడం మానలేదు. ఇక్కడ తన ఊరు, తన తిండి, తన నిద్ర, అలసిపోతే కూర్చోవడానికి చోటు. అక్కడ మూసిన తలుపులు, ఏసీ గది, వేరేవాళ్ళు కొట్టే గంట. తేడా ఒంటిలో లేదు, ఏర్పాటులో ఉంది. 2024లో ఎనిమిదో సీజన్‌కు ఆమె వైల్డ్ కార్డుతో మళ్ళీ వెళ్ళింది కదా అంటారేమో. వెళ్ళింది, చివరిదాకా ఉండలేదు. కోరిక ఉంటే చాలదు, పని ఒంటికి సరిపడేట్టు ఉండాలి అనడానికి నాకది మరో సాక్ష్యం.

ముసలివాళ్ళు తప్పుకుంటేనే కదా పిల్లలకు చోటు దొరికేది అన్న మాటా ఉంది. గుమాస్తా కుర్చీ విషయంలో అది నిజం కావచ్చు. హాస్యంలో అవ్వ పక్కన నిలబడితేనే కుర్రాడికీ వెలుగు. అనిల్ గీల లాంటివాళ్ళు ‘మై విలేజ్ షో’ బృందంలోనే గంగవ్వతో కలిసి నటిస్తూ పేరు తెచ్చుకున్నారు. 1922లో పుట్టిన అల్లు రామలింగయ్య ఎనభై ఏళ్ళదాకా నటించారు. దానివల్ల తెలుగులో కొత్త హాస్యనటులు రావడం ఆగలేదు. అదే ఏడాది పుట్టిన అమెరికా నటి బెట్టీ వైట్ 88 ఏళ్ళ వయసులో ‘సాటర్డే నైట్ లైవ్’ను నడిపి ఎమ్మీ గెలిచింది, 2015 దాకా ఒక హాస్య ధారావాహికలో నటించింది. అయితే ఆమె వెనక బలమైన నటుల సంఘం, రాతపూర్వక ఒప్పందాలు ఉన్నాయి. పల్లెలో దొరికిన ముసలి కళాకారులకు అవి ఉండవు. యూట్యూబ్‌లో ఒక వీడియో ఏళ్ళ తరబడి డబ్బు తెస్తుంటే, అందులో నవ్వించిన మనిషికి ఒక రోజు కూలి ఇచ్చి పంపడం అన్యాయం. వయసు మీద పెట్టే శ్రద్ధ ఈ లెక్క మీద పెట్టాలి.

కార్యక్రమాలు తీసేవాళ్ళను అడిగేది ఇదే. వృద్ధులతో షూటింగ్ నాలుగైదు గంటలకు మించనీయకండి, వీలైతే వాళ్ళ ఊరికే కెమెరా తీసుకెళ్ళండి, బీమా చేయించండి, వచ్చే ఆదాయంలో వాటా కాగితం మీద రాసివ్వండి. స్కిట్‌లో ముసలమ్మ పాత్ర రాసుకున్నప్పుడు, విగ్గు తెప్పించేముందు ఆ వయసు మనిషికి ఒకసారి కబురు పంపండి.