మేలుకొలుపు - మర్యాద

నిద్రించువారిని లేపుట యల్పకార్యమని తోచును. కాని యా క్షణమున నిద్రితుడు మనకు బదులు చెప్పజాలడు. తన పరువును తాను కాపాడుకొనజాలడు. కావున వానిని మన మే మాటతో లేపుదుమో యా మాటయందు మన మనస్సు బయల్పడును. ఈ విషయమున ఇటలీవారి భాష విచారింపదగినది.

ఆ భాషలో బిడ్డను, తోబుట్టువును, స్నేహితుని లేపునపుడు ‘స్వేల్యతి’ యందురు. ‘నిన్ను నీవు మేలుకొలుపుకొనుము’ అని దాని యర్థము. పెద్దలను, పరిచయము లేనివారిని లేపవలసినచో ‘సి స్వేల్యి’ యందురు. ఇది రూపమున ఆజ్ఞ కాదు; ప్రథమపురుషమున పలికిన యాకాంక్ష. ‘తాము మేలుకొందురు గాక’ యనుట వంటిది. మన సంస్కృతమున ‘జాగృహి’ యనుటకు మారుగా ‘భవాన్ జాగర్తు’ అనుటయు నిట్టిదే. తెలుగువారము ‘లెమ్ము’ను ‘లెండి’గా మార్చి, ఒక్కరిని పలువురిగా నెంచి గౌరవింతుము. మార్గములు వేరైనను ఉద్దేశ మొక్కటియే.

అయినచో గౌరవము పదమునందే యున్నదా? ఇటాలియనులో నొక్కరిని మన్నించి పలుకు సర్వనామము ‘లేయి’. 1938లో ముస్సోలినీ ప్రభుత్వము దీనిని నిషేధించి, ‘వోయి’ యను బహువచనమునే వాడవలెనని విధించెను. ‘లేయి’ యను పేరుతో వెలువడుచుండిన స్త్రీల పత్రిక యొకటి ‘అన్నబెల్లా’ యని పేరు మార్చుకొనెను. ఆ ప్రభుత్వము 1943లో కూలెను. ‘లేయి’ మాత్రము నేటికిని నిలిచియున్నది. మర్యాదను శాసనముతో పుట్టింపను రాదు, చంపను రాదు.

చనువుమాట యవమానకర మనుటయు సరికాదు. పూర్వము ఇటలీలో పెక్కు కుటుంబములందు బిడ్డలు తల్లిదండ్రులను ‘వోయి’ యనెడివారు; నేడు సాధారణముగా ‘తూ’, అనగా ‘నీవు’, అందురు. అంతమాత్రమున వారి ప్రేమ తరిగినదని యెవరనగలరు? ఇరువురు నొకరినొకరు ‘నీవు’ అనుకొన్నచో నది చెలిమి. ఒకరు ‘నీవు’ అనుచు, రెండవవారు ‘మీరు’ అనియే తీరవలె నన్నచో నది యధికారము. దోషము పదమున లేదు. ఇచ్చిన మాటను తిరిగి పుచ్చుకొన నొల్లకపోవుటలో నున్నది.

మన యిండ్లను చూడుడు. పదియేండ్ల బాలుడు ఏబదియేండ్ల పనిమనిషిని ‘లే’ యని గద్దించును. ఆమె యా బాలునే ‘లెండి బాబూ’ యని బతిమాలును. భర్త ‘లే’ యనును. భార్య ‘లెండి’ యనును. ఇది యాచారమని సరిపెట్టుకొందుము. కాని బాలుడు లోకమున నెవరెక్కువో, ఎవరు తక్కువో నేర్చుకొను మొదటి పాఠము బడిలోనిది కాదు. తెల్లవారుజామున తన యింట విన్న యీ రెండు మాటలే.

ఇటలీవారి రెండు రూపములును ఒక సత్యమును చెప్పుచున్నవి: చనువుగా పిలిచినను, మన్ననగా పిలిచినను, మేలుకొనుట మేలుకొనువాని పనియే, పిలుచుట మాత్రమే మనది. ఆ పిలుపు మనలను నిద్రనుండి లేపవచ్చినవారి నోట మనము సంతోషముతో విన గలిగినదై యుండవలెను.