దిద్దుబాటు వేరు, తీర్పు వేరు



తోటివాడు తప్పుదారిన పోతున్నాడని తోచినపుడు హెచ్చరించడం విశ్వాసి బాధ్యత. దీనిని కాదనే క్రైస్తవుడు ఉండడు. కాని ప్రతి హెచ్చరికా ప్రేమనుండి పుట్టినదేనా? అలా పుట్టిందని తెలుసుకొనేది ఎలా? క్రీడారంగంలో జరిగిన ఒక సంఘటనను ముందుంచుకొని ఈ ప్రశ్నను గూర్చి ఆలోచిద్దాం.

ఇజ్రాయెల్ ఫొలావు ఆస్ట్రేలియా తరఫున 73 టెస్టు మ్యాచ్‌లు ఆడిన రగ్బీ క్రీడాకారుడు, భక్తిగల క్రైస్తవుడు. 2019 ఏప్రిల్‌లో ఆయన ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రకటన పెట్టాడు. త్రాగుబోతులకు, స్వలింగ సంపర్కులకు, వ్యభిచారులకు, అబద్ధికులకు, దొంగలకు, ఇంకా కొందరికి నరకం కాచుకొని ఉందనీ, పశ్చాత్తాపపడాలనీ దాని సారాంశం. మే నెలలో రగ్బీ ఆస్ట్రేలియా సంస్థ ఆయన ఒప్పందాన్ని రద్దుచేసింది. ఆయన న్యాయపోరాటానికి దిగాడు. డిసెంబరులో రాజీ కుదిరింది. కలిగిన బాధకు ఇరుపక్షాలూ క్షమాపణ చెప్పుకొన్నాయి.

మతవిశ్వాసాన్ని వెల్లడించినందుకు ఒకరి జీవనోపాధి తీసివేయవచ్చునా? ఇది తేలికైన ప్రశ్న కాదు. మంచివారే రెండు వైపులా ఉన్నారు. అయితే మనం విశ్వాసులం గనుక అంతకంటె ముందు అడుగవలసినది మరొకటి ఉంది. ఆ మాటలు ఎవరి మేలు కోసం?

పునీత తోమాసు అక్వీనాసుగారు తమ మహాగ్రంథం సుమ్మా థియొలాజికాలో సహోదరుని దిద్దడాన్ని ప్రేమకార్యాలలో చేర్చారు. శిక్షించే అధికారం ఉన్నవారి సంగతి వేరు. సాటి సహోదరులుగా మనం చేసే దిద్దుబాటుకు గమ్యం ఒక్కటే, అతడు బాగుపడడం. మన మాటవల్ల అతడు ఇంకా చెడిపోతాడని తోస్తే ఊరకుండడమే మంచిదని ఆయన బోధించారు. మరుగైన తప్పును ముందు ఒంటరిగా చెప్పాలన్నారు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో క్రీస్తునాథుడు ఏర్పరచిన వరుస కూడా అదే. మందు రోగి చేతికి ఇస్తాం, వీధిలో చల్లం.

ప్రవక్తలు పదిమందిలో గద్దించలేదా అని మీరు అడుగవచ్చు. గద్దించారు. కాని ఆమోసు ప్రవక్త కోపం పేదల నోటికాడి కూడు లాగుకొన్నవారిమీద. నాతాను దావీదు తప్పును అతని ఎదుటికే వెళ్లి చెప్పాడు. ప్రవక్తల గద్దింపు ఎక్కువగా బలవంతులకు తగిలింది. జట్టులో తన గుట్టు బయటపడుతుందేమోనని బిక్కుబిక్కుమంటున్న ఆటగాడు బలవంతుడా?

ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు జస్టిన్ ఫషాను జీవితం చూడండి. 1981లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బు ఆయనను పది లక్షల పౌండ్లకు తీసుకొన్నది. బ్రిటన్‌లో అంత వెల పలికిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే. ఆ రోజులలోనే క్రీస్తును గట్టిగా నమ్ముకొన్నాడు. 1990లో తాను స్వలింగ సంపర్కుడనని పత్రికాముఖంగా చెప్పాడు. తోడబుట్టిన తమ్ముడే ఆయనను బహిరంగంగా త్రోసిపుచ్చాడు. 1998 మేలో, అమెరికాలో ఒక యువకుడు లైంగిక దాడి ఆరోపణ చేసిన కొన్ని వారాలకు, ఆయన లండన్‌లో తన ప్రాణం తానే తీసుకొన్నాడు. ఆ ఆరోపణ న్యాయస్థానంలో తేలలేదు. ఆ మరణానికి ఫలానాదే కారణమని మనం చెప్పలేం. ఒకటి మాత్రం చెప్పగలం. ఇంగ్లండు పురుషుల వృత్తి ఫుట్‌బాల్‌లో ఆడుతూ ఉన్న మరొకరు అదే మాట బయటికి చెప్పడానికి 2022 దాకా పట్టింది. ఆ 32 ఏండ్ల మౌనంలో ఎందరు లోలోపల కుమిలిపోయారో దేవునికే తెలుసు.

ఇది పడమటి దేశాల సంగతి అనుకోవద్దు. మన హైదరాబాదులో శిక్షణ పొందిన ఒడిషా పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్ 2019 మేలో తాను ఒక యువతిని ప్రేమిస్తున్నానని చెప్పినపుడు సొంత ఇంటినుండే ఎదురుదెబ్బ తగిలింది.

శ్రీసభ బోధను కొందరు సగమే గుర్తుంచుకొంటారు. స్వలింగ సంపర్క క్రియలను శ్రీసభ ఆమోదించదు. శుద్ధ జీవితానికి అందరినీ పిలుస్తుంది. ఇది మొదటి సగం. ఆ ఆకర్షణ గలవారిని గౌరవంతో, కరుణతో, సున్నితంగా స్వీకరించాలనీ, అన్యాయమైన వివక్ష ఏదీ చూపరాదనీ 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం అదే చోట ఆజ్ఞాపిస్తున్నది. ఇది రెండవ సగం. మొదటి సగాన్ని గట్టిగా చెప్పి రెండవదాన్ని మింగివేసేవాడు శ్రీసభ బోధను కాపాడినట్లు కాదు, విరిచినట్లు.

ఇంకొక మాట. ఫొలావు జాబితాలో అబద్ధికులు, త్రాగుబోతులు కూడా ఉన్నారు. వారిని గూర్చి ఎవరూ పెద్దగా తగవులాడలేదు. ఎందుకు? ఆ వరుసలలో మనవాళ్లు చాలామంది ఉన్నారు గనుక. మనకు అంటని పాపాన్ని ఖండించడానికి ధైర్యం అక్కరలేదు.

కాబట్టి నోరు విప్పేముందు మనల్ని మనం ఇలా అడుగుదాం. ఈ మనిషి నాకు తెలుసా? ఇతని కష్టం ఒక్కనాడైనా విన్నానా? నేను మాట్లాడాక ఇతడు దేవుని గుడికి దగ్గరవుతాడా, దూరమవుతాడా? ఆదివారం పూజలో మన ప్రక్కనే మోకరించిన కుర్రవాడు కూడా ఆ మాటలు వింటున్నాడేమో!