తాలు గింజ, నిండుసున్న

సూర్యాపేటలో కరెంటు సామాను దుకాణానికి పోయి 'జీరో బల్బు' అడిగితే రాత్రిపూట వేసుకునే చిన్న దీపం చేతిలో పెడతారు. పేరుకే జీరో. పాతకాలపు రకమైతే పన్నెండు, పదిహేను వాట్ల కరెంటు తాగేది. క్షౌరశాలలో 'జీరో కటింగ్' అంటే గుండుకు ఒక్క మెట్టు ఇవతల. బిల్లు లేకుండా నడిచే సరుకుకూ బజారులో పేరు జీరోనే: లారీలో బస్తాలు నిండుగా ఉంటాయి, కాగితం మీదే ఏమీ ఉండదు. ఈ మూడింటిలో ఎక్కడా జీరో అంటే 'ఏమీ లేదు' అని కాదు. బడిలో లెక్కల సారు చెప్పిన అర్థం ఒకటి, బజారు వాడుక ఒకటి. ఆ సందులో ఒక పాత తాత్విక తగాదా దాగి ఉంది.

మాట మన దగ్గర నుంచి పోయిందే. సంస్కృతంలోని శూన్యాన్ని అరబ్బులు అర్థం చూసి 'సిఫ్ర్' అన్నారు, ఖాళీ అని. పీసా నగరవాసి లియొనార్డో, అదే ఫిబొనాచ్చి, 1202లో లాటిన్ పుస్తకంలో దాన్ని 'జెఫిరమ్' అని రాశాడు. ఇటలీ వాళ్ల నోళ్లలో అరిగి అది జీరో అయింది. అదే సిఫ్ర్ ఇంకో దారిన నడిచి 'సైఫర్' అయి, రహస్య లిపికి పేరుగా స్థిరపడింది. ఇంగ్లీషు వాళ్లకు జీరో బహువచనపు స్పెల్లింగ్ నేటికీ ఒక కొలిక్కి రాలేదు. చివర ఎస్ ఒక్కటే చాలని కొందరు, దానికి ముందు ఈ కూడా ఉండాలని కొందరు. నిఘంటువులు ఇద్దరికీ తలూపుతాయి.

తెలుగులో శూన్యం ప్రాకృతం మీదుగా 'సున్న' అయింది. మనకూ ఒక చిక్కుంది: సున్న పక్కన ఇంకో సున్న పెడితే సున్నం! అది చూర్ణం నుంచి వచ్చిన వేరే మాట. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు బతికేది ఆ సున్నపురాయి మీదే.

ఇంతకూ ఆ పక్కన పెట్టిన సున్న పేరేమిటి? నిండుసున్న. వ్యాకరణంలో పూర్ణానుస్వారం. ఖాళీకి గుర్తయినది నిండుగా ఉండటమేమిటని చిన్నపిల్లలు అడగాలి గానీ, ఎవరూ అడగరు. అంకెలను మాటల్లో చెప్పిన సంస్కృత గణితజ్ఞులు సున్నకు ఖం, ఆకాశం, బిందువు అన్న పేర్లతో పాటు 'పూర్ణం' అనీ వాడారు. శూన్యమన్న మాట మూలంలోనే ఉబ్బు ఉంది. 'శ్వి' ధాతువుకు ఉబ్బడమని అర్థం. పైకి ఉబ్బి కనిపించేది లోపల బోలు.

మిర్యాలగూడ రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. అలాంటి దాన్ని అతను తాలు అంటాడు. పైకి వడ్లగింజే, లోపల బియ్యం ఉండదు. ధాన్యం కొనే చోట తేమ ఎంత, తాలు ఎంత అన్న దగ్గరే పేచీలు మొదలవుతాయి. తూర్పార పట్టినప్పుడు గాలికి పోయేది అదే. శూన్యమంటే తాలేనని లోకం అనుకుంటుంది.

నాగార్జునుడు అలా అనలేదు. రెండు, మూడు శతాబ్దాల నాటి ఈ బౌద్ధ తాత్వికుణ్ని సంప్రదాయం కృష్ణ ఒడ్డున శ్రీపర్వతంతో ముడిపెట్టింది. నాగార్జునసాగర్‌కు ఆ పేరు అలా వచ్చిందే. ఆయన లెక్కలో తాలే కాదు, గట్టి గింజ కూడా శూన్యమే. అంటే అది లేదని కాదు, తనంతట తానుగా లేదని. విత్తనం, మడి, నీరు, ఎండ, నాటిన చేతులు కలిస్తేనే గింజ. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా గింజ లేదు. మహాయానంలో ఈ సంగతి చెప్పడానికే ఒక సూత్రముంది. దాని పేరు శాలిస్తంబ సూత్రం, వరి మొలక పేరు మీద. 1967 నుంచి సాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండించే మిర్యాలగూడ, కోదాడ మాగాణుల్లో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. ఒకదాన్ని ఆనుకునే ఇంకొకటి పుడుతుందన్న ఈ మాటనే బౌద్ధులు ప్రతీత్యసముత్పాదం అంటారు. కాలువకు నీళ్లు వదలని ఏడాది దాన్ని ఎవరైనా చెప్పగలరు.

శూన్యతను తప్పుగా పట్టుకుంటే పామును పట్టరాని చోట పట్టినట్టేనని ఆయనే హెచ్చరించాడు. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని బౌద్ధక్షేత్రానికి పడగలాంటి కొండను బట్టి ఫణిగిరి అని పేరు. కాకతాళీయమే, కానీ బాగుంది.

ఆ ఫణిగిరిలో 2024లో ఒక మట్టికుండ దొరికింది. అందులో ఇక్ష్వాకు రాజుల నాటి సీసపు నాణేలు 3,730 ఉన్నాయి. ఆ సంఖ్య చివర మనకు సున్న కావాలి. ఆనాటి బ్రాహ్మీ లేఖకుడికి అక్కర్లేదు: మూడు వేలకు ఒక గుర్తు, ఏడు వందలకు ఒకటి, ముప్పైకి ఒకటి, అంతటితో సరి. శూన్యం గురించి అంత లోతుగా వాదించిన కాలంలో ఇక్కడి అంకెల్లో సున్న లేదు. అందుకని నాగార్జునుడి నుంచే గణితంలోకి సున్న వచ్చిందనడం అతిశయోక్తి. సున్నతో కూడికలకు, తీసివేతలకు నియమాలు రాసింది 628లో బ్రహ్మగుప్తుడు. అయితే పోలిక మాత్రం కొట్టొచ్చినట్టుంది. ఒంటరిగా విలువ లేని అంకె, ఒకటి పక్కన చేరితే పది. పన్నెండో శతాబ్దంలో భాస్కరుడు ఇంకో మెట్టెక్కాడు. సున్నతో భాగించగా వచ్చే రాశిని, సృష్టిలోనూ ప్రళయంలోనూ మారని అచ్యుతుడితో పోల్చాడు. నేటి గణితం ఆ భాగహారాన్నే ఒప్పుకోదు. భక్తుడిగా ఆయన నెగ్గాడు, లెక్కలో ఓడాడు.

పెళ్లి చదివింపుల దగ్గరకొస్తే ఈ పూర్ణం, పాండిత్యం ఏవీ పనిచేయవు. వంద ఇవ్వరు, నూటపదహారు ఇస్తారు. నిజాం హాలీ సిక్కాల్లో సుమారు నూటపదహారున్నర ఇస్తే వంద బ్రిటిష్ రూపాయలు వచ్చేవి, ఆ అలవాటే ఇదని ఒక వివరణ. ఒకనాడు నిజాం సరిహద్దైన కోదాడ దగ్గర ఇది నమ్మబుద్ధేస్తుంది. కానీ ఆ లెక్కన వెయ్యికి 1,166 దాకా రావాలి, ఇచ్చేది మాత్రం 1,116. సున్నతో ముగిస్తే ఇంట్లో శూన్యమవుతుందన్న భయమే అసలు సంగతిలా ఉంది. దుకాణాల్లో ఇప్పుడు చదివింపు కవర్లకు రూపాయి బిళ్ళ ముందే అతికించి అమ్ముతున్నారు.